కీ.శే. మంగతాయారు గారి రుచి

రేకుని సగానికి కత్తిరించొచ్చని డాక్టర్ హైమ నాకు చెప్పలేదు. ఆవిడ ఆ పని చేస్తుండగా నేనే చూశాను. గోళ్ళు తీసుకునే చిన్న కత్తెరతో, ఊపిరి బిగబట్టి కత్తిరించి, ఒక సగం తిరిగి ఫ్రిజ్‌లో దాచింది. రెండో సగం మా లోవ అంగిలికి అంటించింది.

"ఇంక పెట్టండి వీరవేణి గారూ" అంది నా వైపు చూడకుండా.

గిన్నెలో ఉన్నది వట్టి గంజన్నం. ఉప్పురాయి కూడా వెయ్యలేదు. లోవ ఒక ముద్ద నోట్లో పెట్టించుకుని కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా దాని మొహం తేటపడింది. మింగింది. ఇంకో ముద్ద మింగింది. ఆ తర్వాత ముద్దకి నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుని, "అయిపోయిందమ్మా" అంది.

అన్నం అయిపోలేదు. రుచి అయిపోయింది.

చప్పజ్వరం గురించి ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు. అది రాని వీధి మా కాకినాడలోనే లేదు. జ్వరం తగ్గుతుంది గానీ పోతూ పోతూ నాలుకని పట్టుకుపోతుంది. పెద్దవాళ్ళం నాలుక తిరిగొచ్చేదాకా మట్టి తిన్నట్టు తిని ఎలాగో బతికేశాం. చిన్నపిల్లలకి నాలుక తిరిగి రాలేదు, రుచి లేని తిండికి వాళ్ళ ఒళ్ళు ఒప్పుకోదు. ఇది తిండి అని నాలుక చెప్పందే కడుపు తీసుకోదు. కుక్కితే కక్కేస్తారు. ముక్కులోంచి గొట్టం వేసి పంపినా కక్కేస్తారు. సెలైన్ మీద ఎన్నాళ్ళుంటారు? ఇంటినిండా తిండి పెట్టుకుని పిల్లల్ని మాడ్చుకోవడం పగవాళ్ళకి కూడా వద్దు.

అలాంటప్పుడు ఈ హైమ గారు రుచిరేకు కనిపెట్టింది. చూడ్డానికి ఉల్లిపొర. వండినావిడ దాన్ని అంగిలికి అంటించుకుని తన వంట తాను రుచి చూస్తే, ఆ రుచి రేకులో నిలిచిపోతుంది. దాన్నుంచి అచ్చువేసిన రేకు ఇంకొకరి నోట్లో పెడితే, వాళ్ళు గంజి తాగినా ఆ వంట తిన్నట్టే ఉంటుంది. చచ్చిన నాలుకని దాటి నేరుగా మెదడుకే కబురు వెళ్తుందట. కాకపోతే ఒక చిక్కుంది. ఒక్కో పిల్లకి ఒక్కో రుచే పడుతుంది. ఒకసారి ఒకటి పట్టిందంటే ఇంక మరొకటి పట్టదు.

మా లోవకి పాయసం పట్టలేదు, ముద్దపప్పు పట్టలేదు, లోకంలో పిల్లలు ఇష్టపడే ఏదీ పట్టలేదు. చివరికి పట్టింది మెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు వేసి నేను చేసే చింతచిగురు పులుసు. అప్పటికి దానికి నాలుగు నిండి నెల. జ్వరానికి ముందు తిన్నవేవీ దానికి గుర్తు లేవు. ఏడాదిగా మూడు పూటలా అదే రుచి, గంజన్నంలో. అది వాళ్ళమ్మ వంటేనని దానికి ఎవరూ చెప్పలేదు.

రేకు ఒక పూటకే పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే ఆసుపత్రి మిషను 'రుచిగని' అనే కంపెనీ దగ్గర్నుంచి రుచుల్ని తెచ్చుకుని కొత్త రేకులు అచ్చు వేస్తుంది. దేశంలో రుచులన్నీ ఆ కంపెనీ దగ్గరే ఉన్నాయి. వారం క్రితం లోవ రేకు అచ్చు పడలేదు. 'యజమాని అనుమతి లేదు' అని ఎర్రగా రాసి వచ్చింది. ఫ్రిజ్‌లో మిగిలిపోయిన పాత రేకుల్నే ఇప్పుడు హైమ గారు ముక్కలు కోస్తోంది.

యజమాని అనుమతి అన్నది మంచి నియమమే. తప్పంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. నాకు జగన్నాథపురంలో చిన్న కర్రీ పాయింట్ ఉంది. నా గోంగూర రొయ్యల వీడియో ఎత్తుకుపోయి, పాలరాతి వంటింట్లో నిలబడి, 'మా అమ్మమ్మ నాకు మాత్రమే చెప్పిన రహస్యం' అంటూ పెట్టిన మహాతల్లి ఒకావిడ ఉంది. నేను కింద కామెంట్ పెడితే నన్నే బ్లాక్ చేసింది. ఆవిడ అమ్మమ్మ గోంగూర ఆకు మొహమైనా చూసిందో లేదో. అలా ఒళ్ళు మండినవాళ్ళు ఊరూరా ఉన్నారు. అందరూ గోల చేస్తే ఈ మధ్యే నియమం వచ్చింది. ఒక రుచికి ఒక్క పేరే ఉండాలి, ఆ పేరుగలవాళ్ళు వచ్చి వండి చూపించి ఒప్పుకుంటేనే రుచి బయటికి వెళ్ళాలి, నకళ్ళు ఎక్కడున్నా మూతపడాలి. ఇంతే కదా, నా వంటకి నేను వెళ్ళి ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. మా ఆయన సూరిబాబు ఐస్ ఫ్యాక్టరీలో సెలవు పెట్టాడు. మర్నాడు మెత్తళ్ళు, చిగురు సంచిలో వేసుకుని విశాఖపట్నంలో కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం.

అక్కడ కూర్చున్న కుర్రాడి పేరు శశిధర్. మర్యాద తెలిసినవాడు. వండమని గాజుగది చూపించాడు. వండాను. మిషను నోట్లో ఒక చెంచాడు పోశాడు. కాసేపటికి అతని మొహం వెలిగింది.

"తొంభై ఆరు వచ్చిందండి! ఇప్పటిదాకా ఎవరికీ ఇంత రాలేదండి."

"రాదా మరి, నాదే కదా బాబూ."

"మీది కాదండి. కె.ఎస్. మంగతాయారు గారిదండి. మీరు ఆవిడ రుచిని ఉత్తమంగా అనుసరించారని వచ్చింది. కంగ్రాట్స్ అండి."

నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. "ఆవిడెవరు?" అన్నాడు సూరిబాబు. శశిధర్ తెర మా వైపు తిప్పాడు. రుచి నమోదు చేసిన రోజు హైమ గారి ల్యాబులో మిషను తీసిన ఫొటో అది. స్టీలు గిన్నెలో నా పులుసు. గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: కీ.శే. మంగతాయారు. దాని తర్వాత రాసింది గిన్నె గుండ్రంలో అటువైపు తిరిగిపోయి ఫొటోలో పడలేదు. పడకపోయినా నాకు తెలుసు. గారి జ్ఞాపకార్థం.

మనవాళ్ళు గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటారు కదా, మళ్ళీ వేరే అడగడం ఎందుకని, గిన్నె మీది పేరే యజమాని పేరుగా రాసుకునేలా ఆ మిషన్ని ఎవడో తెలివైనవాడు తయారుచేశాడట. మన ఇళ్ళల్లో సగం గిన్నెలు మనవి కావని ఆ తెలివైనవాడికి తెలీదు. పెళ్ళిళ్ళకి వచ్చినవీ, పెద్దకార్యాలకి పంచినవీ, కూర పంపిస్తే తిరిగి ఇవ్వడం మర్చిపోయినవీ. ఆ వేళ నాకు ఇంట్లో మూత సరిపోయే గిన్నె అదొక్కటే ఖాళీగా కనిపించింది.

నాకు నవ్వొచ్చేసింది. "కె.ఎస్. కాదు నాయనా, కీ.శే. అంటే కీర్తిశేషులు. పోయినవాళ్ళు. ఆవిడ ఎప్పుడో పోయింది."

"అలాగా అండీ" అంటూ టైపు చెయ్యబోయి అతను చటుక్కున ఆగిపోయాడు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"మేడమ్, ఓనరు చనిపోయారని రాశాననుకోండి, ఇది అనాథ రుచి అయిపోద్ది. ఇమ్మీడియట్‌గా సీలు పడిపోద్ది. వారసులెవరు, ఇంకెవరైనా క్లెయిమ్ చేస్తారా, అంతా విచారించి తియ్యాలంటే ఏడాది పైనే పడతాదండి. రాయమంటారా?"

"వద్దు" అన్నాను.

"మరి పేరు మార్చండి" అన్నాడు సూరిబాబు. "మా ఆవిడ వండిన కూరకి గిన్నె ఓనరేంటండీ, మతుందా మీకు?"

"మార్చాలంటే ఓనరే వచ్చి అడగాలండి."

"ఓనరు పోయిందని చెప్తన్నాం కదయ్యా!"

"అందుకేనండి, నేను ఆ మాట విన్లేదు. మీరూ అన్లేదు." పాపం అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతన్ని తిట్టడానికి కూడా నాకు ఏమీ మిగల్లేదు.

కొత్తగా మళ్ళీ రుచి తీయొచ్చు కదా అని మీకు అనిపించే ఉంటుంది. మాకూ అనిపించింది. మర్నాడు పొద్దున్న హైమ గారు మిషను పెట్టెలో పెట్టుకుని మా ఇంటికే వచ్చేసింది. నేను వండాను, రేకు అంటించుకుని రుచి చూశాను. పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. మంగతాయారు గారి రుచికి నకలు, మూసివేయబడింది.

"రేకులో మా ఆవిడ నాలుక ఆనవాలు ఉండదాండీ?" అని అడిగాడు సూరిబాబు.

హైమ గారు తల అడ్డంగా ఊపింది. "ఎవరి నోట్లోనైనా ఒదగాలని మనిషి ఆనవాలంతా వడకట్టేశానండి. వంటే మిగిలింది. ఆ రోజుల్లో పిల్లలు పోతున్నారు, అది తప్ప ఏదీ ఆలోచించలేదు."

ఎర్రలైటు వెలక్కుండా ఉండాలంటే రుచి మారాలి. లోవకి పట్టాలంటే రుచి మారకూడదు. ఆ రెంటి మధ్యా సందు ఎక్కడైనా ఉందేమోనని మేం వెతకడం మొదలుపెట్టాం. ఉప్పు తగ్గించాను. ఎండుమిరప బదులు పచ్చిమిరప వేశాను. ఎర్రలైటు. బెల్లం మానేశాను. ఎర్రలైటు. బియ్యం కడుగు నీళ్ళ బదులు మామూలు నీళ్ళు పోశాను. ఎర్రలైటు కొట్టుకుని కొట్టుకుని చివరికి ఎర్రగానే నిలబడింది. చింతచిగురు తీసేసి మామిడికాయ వేస్తే పచ్చలైటు వెలిగి, కొత్త రుచికి అభినందనలు అని రాసి వచ్చింది. ఆ రేకు లోవకి అంటిస్తే ముద్ద నోట్లో పెట్టగానే కక్కేసింది.

అప్పుడు చిగురు సగం, మామిడికాయ సగం వేశాను. లైటు చాలాసేపు ఎటూ తేల్చుకోలేదు. పచ్చగా వెలిగింది. హైమ గారు నా చెయ్యి పట్టుకుంది. లోవ మొదటి ముద్ద మింగింది. మేం ముగ్గురం కదల్లేదు. రెండో ముద్ద మింగింది. మూడో ముద్దకి దాని మెడ నరాలు బిగిశాయి. గబగబా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోవాలని చాలా చూసింది నా తల్లి. వేళ్ళ సందుల్లోంచి అంతా వచ్చేసింది.

"నేను కావాలని కక్కలేదమ్మా" అంది.

సూరిబాబు పెరట్లోకి వెళ్ళిపోయి గోడని గుద్దుతున్న చప్పుడు వినిపించింది. నేను నేల తుడుస్తున్నాను. ఏదో ఒకటి తుడుస్తూ ఉండకపోతే ఏమైపోతానో అని తుడిచిన చోటే తుడుస్తున్నాను.

ఆ మధ్యాహ్నమే సూరిబాబు వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. మా అత్తగారు రెండు మాటల్లో తేల్చేసింది. "ఆ మూత గిన్నా? సామర్లకోట రత్నం వాళ్ళమ్మ పెద్దకార్యానికి ఇచ్చింది కదరా. ఏం, పోయిందా గిన్ని?"

సామర్లకోట ఎంతో దూరం లేదు. లోవని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాం. రత్నం గారికి అరవై దాటి ఉంటాయి. వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చుని ఉంది. లోపల గోడ మీద ఆవిడ తల్లి ఫొటో, తాజా బంతిపూల దండ. విషయం సగం చెప్పేసరికే ఆవిడ లేచి లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది.

"రుచిగని వాళ్ళ దాంట్లో మా అమ్మ పేరు కనపడితే మా మనవరాలు పెట్టి ఇచ్చిందండి ఇది. చూడండి." ఎక్కడెక్కడివాళ్ళో రాసిన మాటలు. మంగతాయారు గారికి నమస్కారం, మా బాబు ఇవాళ అన్నం తిన్నాడు. మంగతాయారమ్మా, మీ చేతి చలవ, మా చంటిది ముద్ద మింగింది. రత్నం గారు వేలితో జరుపుతూ పోతోంది, అవి అయిపోవడం లేదు. "ఈ మధ్యనే ఎవరూ రాయట్లేదండి, ఎందుకో మరి."

"రుచి మూసేశారండి" అన్నాను. "అందుకే రాయట్లేదు. వాళ్ళ పిల్లలూ మా పిల్లలాగే ఉండుంటారు."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నేను మిగిలిందంతా చెప్పాను. గిన్నె గురించి, ఫొటో గురించి, కీ.శే. గురించి. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ తల్లి ఫొటో వైపు చూసి, "నాకు తెల్సండి" అంది.

"ఏంటి తెలుసు?"

"అది మా అమ్మ వండింది కాదని. ఎండుచేప వాసనొస్తే మా అమ్మ వీధిలోకి ఎల్లిపోయేదండి. అట్టాంటి మనిషి మెత్తళ్ళు వండిందంటే నమ్మడానికి నాకేం మతి పోలేదు." ఆవిడ పైటతో మొహం తుడుచుకుంది. "ఆడపిల్లల హాస్టల్లో బతుకంతా వండిందండి. వంటామె అనేవోరు, ఆయమ్మా అనేవోరు. ఆ పిల్లల్లో ఒక్కదానికీ మా అమ్మ పేరు తెలీదు. పోయాక గిన్నెల మీద చెక్కించాం, అదే మొదటిసారి దాని పేరు ఎక్కడైనా రాయడం. ఇప్పుడేమో ఇంతమంది నమస్కారం పెడతన్నారు. అది మా అమ్మది కాదని చెప్పాలని ఉందండి. నోరు రాలేదు."

"చెప్పొద్దండి" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. సూరిబాబు కూడా నా వైపు తిరిగాడు. దారిలో నాలో నేనే అనుకుంటూ వచ్చిన మాట అది, ఆయనకి చెప్పలేదు.

"ఆవిడ పేరు అలాగే ఉంచండి. పోయారని మాత్రం చెప్పొద్దు. మీరే మంగతాయారు గారిగా రండి. మీ అమ్మగారి గుర్తింపు కార్డు ఉంటే చాలు, గోడ మీది ఫొటోలో ఆవిడ అచ్చం మీలాగే ఉన్నారు. నేను ఆవిడనని నిలబడలేను, నా మొహం వాళ్ళ దగ్గర ఉంది. మీరొచ్చి ఒక్కసారి వండి, ఒప్పుకుంటున్నాను అనండి. వంట నేను నేర్పుతాను."

"మా అమ్మ బతికే ఉందని చెప్పాలా నేను?" రత్నం గారి గొంతు లేచింది. "తలకి నిప్పెట్టి, పెద్దకార్యం చేసి, ఊరందరికీ గిన్నెలు పంచి, ఇప్పుడు నేనే మా అమ్మనని నిలబడాలా? ఏం మాటండీ అది? పాపం కాదా?"

పాపమే అయ్యుంటుంది. కాళ్ళు పట్టుకోవడానికి నేను వంగుతుంటే ఆవిడ వెనక్కి జరిగి, ఇంటికొచ్చిన పిల్లని పట్టించుకోలేదని అప్పుడే గుర్తొచ్చినట్టు లోపల్నుంచి ఒక అరటిపండు తెచ్చి లోవ చేతిలో పెట్టింది.

"తినమ్మా."

లోవ పండుని రెండు చేతులతో పట్టుకుంది. ఎవరైనా ప్రేమగా ఇస్తే వద్దనకూడదని నేనే నేర్పాను. "ఇంటికెళ్ళి తింటానమ్మమ్మా" అంది. అంటూనే నా వైపు చూసింది, ఇప్పుడు తినమంటానేమోనని భయంగా.

ఆ చూపు రత్నం గారు చూసింది. లోవ మణికట్టు పట్టుకుని, వేలూ వేలూ కలిపితే ఇంకా మిగిలిపోతున్న చోటు చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి బీరువా తీసింది. కార్డు అందులో ఉంది.

ఆవిడ మా ఇంటికే వచ్చి ఉంది. ఒకరికి వంట నేర్పడం అంత కష్టమని నేనెప్పుడూ అనుకోలేదు. ఎండిన మెత్తళ్ళు తలలు తుంచి, ఉత్తి మూకుట్లో వేయించి, వేడినీళ్ళలో కడగాలి. బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పులుసుకి పోయాలి. చిగురు సగం ముందు వేసి ఉడకనివ్వాలి, మిగతా సగం అరచేతుల్లో నలిపి, పొయ్యి ఆపేశాక వేసి మూత పెట్టాలి. ఇదంతా ఆవిడ చిటికెలో పట్టేసింది. ఉప్పు దగ్గర ఆగిపోయింది.

"ఎంతెయ్యాలే?"

"తగినంత."

"నీ తగినంత నాకెలా తెలుస్తాదే? మా తగినంత హాస్టల్ తగినంత!"

నిజమే. ఆవిడ చెయ్యి పెద్ద చెయ్యి. వంద మందికి వేసే తల్లి దగ్గర పెరిగిన చెయ్యి. చెంచాతో కొలిచి చూపించబోతే నాకే కుదరలేదు. చెంచా పట్టుకుంటే నా తగినంత నాకు తెలియకుండా పోయింది. చివరికి ఆవిడ పిడికిలి మీద నా పిడికిలి పెట్టి, ఇద్దరం కలిసి వదిలాం. హైమ గారి మిషను డెబ్బై అంది. మళ్ళీ వండాం. డెబ్బై నాలుగు. తొంభై దాటితే గానీ యజమాని అనరు. గదిలో లోవకి సగం రేకు పోయి పావు రేకు వచ్చింది. పావు రేకుతో ఒక్క ముద్ద దిగేది. దాని మాట పలచబడింది. వంటింట్లోకి వచ్చి చూడ్డం కూడా మానేసింది.

"ఇది నీకెవరు నేర్పారే?" అని అడిగింది రత్నం గారు ఒకసారి, చిగురు నలుపుతూ.

"ఎవరూ నేర్పలేదండి. గోంగూర మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, రొయ్యలు మా అత్తగారి దగ్గర. నేను వండేది ఏదైనా ఎవరో ఒకరి దగ్గర పట్టిందే. ఇది మాత్రం కాపరానికొచ్చిన కొత్తలో, ఇంట్లో గుప్పెడు మెత్తళ్ళు తప్ప ఏమీ లేనప్పుడు నాకు నేనే చేసుకున్నాను. ఇదొక్కటే నా సొంతం."

ఆవిడ నలపడం ఆపేసింది. "అయితే నీ పేరు పోతాది కదే. శాశ్వతంగా పోతాది."

"లేకపోతే పిల్ల పోతాదండి."

అప్పుడు ఏడ్చాను. జ్వరం వచ్చినప్పట్నుంచీ నేను అలా ఏడవలేదు. ఎవరి మీదో కోపం తెచ్చుకుందామంటే ఎవరూ లేరు. గిన్నె ఇచ్చినవాళ్ళు ప్రేమగా ఇచ్చారు, నియమం పెట్టినవాళ్ళు నాలాంటివాళ్ళ కోసమే పెట్టారు. ఆ మహాతల్లి నా గోంగూర ఎత్తుకుపోయినప్పుడు కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉంది. రత్నం గారు చిగురు చేతులతోనే నా తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరం లేచి మళ్ళీ పొయ్యి వెలిగించాం.

చివరి రేకు ముక్క అయిపోయిన రోజు విశాఖపట్నం బయలుదేరాం. లోవని ఆసుపత్రి ల్యాబులోనే సెలైన్ పెట్టి హైమ గారికి అప్పగించాం. అప్పటికి రత్నం గారి చేతికి వచ్చినది ఎనభై తొమ్మిది.

శశిధర్ మమ్మల్ని చూశాడు. కార్డు చూశాడు. రత్నం గారిని చూశాడు. కార్డు మీద పుట్టిన సంవత్సరం చూసి ఉంటే ఆ వయసుకి ఆవిడ లేచి నిలబడడమే వింత అని తెలిసేది. అతను దాని మీద బొటనవేలు పెట్టి మిషనుకి చూపించాడు.

"మంగతాయారు గారేనా అండి?"

"ఆఁ" అంది రత్నం గారు. "నేనే. మంగతాయారుని."

నన్ను గాజుగది బయటే నిలబెట్టారు. ఆవిడ మెత్తళ్ళు వేయించడం, కడగడం, మిరపకాయలు తుంచడం అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఉప్పు దగ్గరికొచ్చేసరికి ఆవిడ డబ్బాలో చెయ్యి పెట్టి ఆగింది. నా వైపు చూడలేదు. ఎడమ చెయ్యి తీసి తన కుడి పిడికిలి మీద పెట్టుకుంది, నేను పెట్టినట్టే. వదిలింది. నాకు తెలియకుండా నా చేతిలో వేళ్ళు కూడా విడిపోయాయి.

తొంభై రెండు.

శశిధర్ తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలిచాడు. "అయిపోయిందండి, ఇంకొక్క ప్రశ్న అడగాలి" అని తెర మీద చూసి చదివాడు. "ఈ వంట మీకు ఎవరైనా నేర్పారా అండి? నేర్పితే ఆ పేరు కూడా మీ పేరు పక్కన వేస్తారు."

రత్నం గారు చటుక్కున నా వైపు తిరిగింది. ఆవిడ మొహం విచ్చుకుంది. నా పేరు ఆవిడ నోటి చివరిదాకా వచ్చేసింది. నాకూ ఒక్క క్షణం, దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం ఆశ పుట్టింది. మంగతాయారు పక్కన వీరవేణి. కానీ ఆ మిషనులో వీరవేణి అంటే నకలు కొట్టిన మనిషి. నకలు కొట్టిన మనిషే నేర్పిందంటే ఎర్రలైటు వెలగడానికి ఎంతసేపు? శశిధర్ కూడా నన్నే చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

రత్నం గారు తల దించుకుంది. "ఎవరూ నేర్పలేదు నాయనా" అంది. "ఇది నా సొంతం."

మేం కాకినాడ చేరేసరికి పొద్దు వాలుతోంది. హైమ గారు అప్పటికే రేకు అచ్చు వేసి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముక్క కాదు, నిండు రేకు. రత్నం గారు లోపలికి రానని వరండా బల్ల మీద కూర్చుండిపోయింది. రేకు అంటించగానే మంచం పక్క పెట్టెలోంచి తియ్యటి ఆడగొంతు ఒకటి వినిపించింది. కొత్త నియమం ప్రకారం ఇప్పుడు ప్రతి పూటా ముందు ఆ మాట వస్తుందట.

"ఈ రుచి మంగతాయారు గారిది."

లోవ మొదటి ముద్ద మింగింది. రెండోది మింగింది. మూడోది, నాలుగోది. నేను ముద్దలు చేస్తున్నాను, కలుపుతున్నాను, పెడుతున్నాను, గంజి మోచేతిదాకా కారుతోంది. గిన్నె ఖాళీ అయింది. ఇంకా కావాలంది. సూరిబాబు పరుగెత్తాడు. మళ్ళీ తెచ్చిన గిన్నెలో సగం అయ్యాక లోవ తెరిపిన పడినట్టు ఊపిరి తీసుకుని గోడకి ఆనుకుంది. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది.

"అమ్మా, మంగతాయారమ్మ ఎంత బాగా వండుద్దో కదా."

"అవును తల్లీ."

"నువ్వెందుకు ఇలా వండవు?"

నేను ముద్ద చేస్తూనే ఉన్నాను. వరండాలో రత్నం గారు లేచి నిలబడిన చప్పుడైంది.

"ఆవిడ్ని అడిగి నేర్చుకోమ్మా" అంది లోవ, నా కొంగు పట్టుకుని. "నువ్వు నేర్చుకుంటే మనం ఇంక ఆసుపత్రికి రానక్కర్లేదు. ఇంట్లోనే నువ్వు వండి పెట్టొచ్చు."

"సరే తల్లీ, నేర్చుకుంటాను" అన్నాను. "ముందు ఇది తిను."